బెడాక్విలిన్‌ వేస్తే ఏటీపీ పడిపోతోంది, కాలనీలు మాత్రం తగ్గట్లేదు: ఎక్కడ చూడాలి?

యశ్వంతపూర్‌_ప్లేట్లు (బెంగళూరు):

నమస్తే అండి. టీబీ బ్యాక్టీరియా మీద ఒక్కో మందు వేసినప్పుడు దాని జీవక్రియలో ఏం మారుతుందో కొలిచే పని నాది. బీఎస్‌ఎల్‌-3 (ప్రమాదకర సూక్ష్మజీవుల కోసం కట్టుదిట్టమైన ల్యాబ్‌) స్లాటు అంత తేలిగ్గా దొరకదు కాబట్టి ప్రస్తుతానికి దాని కింది స్థాయి బీఎస్‌ఎల్‌-2లో ఎంసీ స్క్వేర్‌ 6230 అనే బలహీనపరిచిన టీబీ స్ట్రెయిన్‌తో నడిపిస్తున్నాం. మీడియం మామూలుదే: 7హెచ్‌9 (టీబీ బ్యాక్టీరియాని పెంచే ద్రవం), 10 శాతం ఓఏడీసీ (ఒలీక్‌ ఆమ్లం, అల్బుమిన్‌, డెక్స్‌ట్రోజ్‌, క్యాటలేజ్‌ కలిపిన పోషకం), 0.2 శాతం గ్లిసరాల్‌, 0.05 శాతం ట్వీన్‌ 80, ఈ స్ట్రెయిన్‌కి తప్పనిసరి అయిన పాంటోథినేట్‌ మి.లీ.కి 24 మైక్రోగ్రాములు. ఓడీ (కల్చర్‌ చిక్కదనం) 0.1 దగ్గర మందు వేస్తున్నాం. ఐసోనియాజిడ్‌, రిఫాంపిసిన్‌, బెడాక్విలిన్‌ మూడూ ఎంఐసీకి (పెరుగుదల ఆపే కనిష్ఠ మోతాదుకి) పది రెట్లు, పైరాజినమైడ్‌ మి.లీ.కి 100 మైక్రోగ్రాములు. లూసిఫరేజ్‌ కిట్‌తో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు), పక్కనే రెజాజురిన్‌ (జీవక్రియ నడిస్తే నీలం నుంచి గులాబీకి తిరిగే రంగు), ప్లేట్ల మీద సీఎఫ్‌యూ (మొలిచిన కాలనీల లెక్క) చూస్తున్నాం.

బెడాక్విలిన్‌ వేసిన మర్నాటికే ఏటీపీ బాగా దిగిపోతోంది. రెజాజురిన్‌ గులాబీకి తిరగడం లేదు. కానీ మూడో రోజు కూడా కాలనీలు మొదట్లో ఎన్ని ఉన్నాయో అన్నే ఉన్నాయి. ఐసోనియాజిడ్‌ది దీనికి తలకిందులు: ఏటీపీ ముందు కంట్రోల్‌ కంటే పైకి పోతోంది, అదే సమయంలో సీఎఫ్‌యూ పడుతోంది. పైరాజినమైడ్‌తో అయితే దేంట్లోనూ కదలికే లేదు.

నాకు తేలనిది ఇదీ. బెడాక్విలిన్‌ చంపుతున్నట్టా, ఊరికే ఆపుతున్నట్టా? ఏటీపీని చావుకి కొలమానంగా పెట్టుకోవచ్చా? పైరాజినమైడ్‌ డోసు పెంచితే పని జరుగుతుందా? ఇంకొకటి, త్వరలో ఎల్‌సీ-ఎంఎస్‌ (అణువుల్ని విడదీసి బరువుతో గుర్తించే యంత్రం) మీద మెటబాలైట్లు (జీవక్రియలో పుట్టే చిన్న అణువులు) చూడాలి. కల్చర్‌ని సెంట్రిఫ్యూజ్‌ చేసి, పీబీఎస్‌ ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడిగి, మెథనాల్‌ పోయాలని అనుకుంటున్నాం. సరిపోతుందా?

అడయార్‌_శ్వాసక్రియ (చెన్నై):

మీ బెడాక్విలిన్‌ పనిచేస్తోందండీ. దాని తీరే అంత.

ఆ మందు పోయి పట్టుకునేది ఏటీపీ సింథేజ్‌లో తిరిగే భాగాన్ని, సీ-రింగ్‌ని. పొరకి అవతల పోగైన ప్రోటాన్లు లోపలికొస్తూ ఆ రింగ్‌ని తిప్పితేనే ఏటీపీ తయారవుతుంది. రింగ్‌ ఆగితే ఏటీపీ పడిపోవడం సహజం. అంతమాత్రాన కణం చావదు. మొదటి మూడు నాలుగు రోజులు అది ఖర్చులన్నీ కుదించుకుంటుంది, నిద్రాణ స్థితికి సంబంధించిన డాస్‌ఆర్‌ జన్యువుల గుంపుని లేపుతుంది, గ్లైకాలసిస్‌ (చక్కెరని విరిచే దారి) వైపు మొగ్గి అక్కడ నేరుగా పుట్టే కాస్త ఏటీపీతో నెట్టుకొస్తుంది. కరెంటు పోయిన ఇల్లు ఇన్వర్టర్‌ మీద రెండు లైట్లు, ఒక ఫ్యానుతో గడిపినట్టన్నమాట. ఆ తర్వాతే సీఎఫ్‌యూ దిగడం మొదలవుతుంది. ఈ ఆలస్యం వెనక జీవక్రియ సర్దుబాటు ఉందని 2014లో వచ్చిన పరిశోధన చూపించింది. మీరు మూడో రోజుతో ఆపేస్తే మందుని బ్యాక్టీరియా పెరుగుదల ఆపేదని రాసుకుంటారు, పద్నాలుగో రోజు దాకా వెళ్తే చంపేదని రాసుకుంటారు. 0, 1, 3, 5, 7, 10, 14 రోజుల్లో ప్లేటింగ్‌ పెట్టండి.

ఇంతకంటే ముఖ్యమైనది మీ మీడియం. బెడాక్విలిన్‌కి ఎదురు నిలబడటానికి బ్యాక్టీరియాకి ఏం కావాలో సరిగ్గా అదే మీరు తినిపిస్తున్నారు. ఓఏడీసీలో ఉన్న డెక్స్‌ట్రోజ్‌, విడిగా పోసిన గ్లిసరాల్‌, రెండూ గ్లైకాలసిస్‌లోకే వెళ్తాయి. ఇవి ఉన్నచోట బెడాక్విలిన్‌ మెల్లగా చంపుతుంది. అసిటేట్‌, కొవ్వు ఆమ్లాలు మాత్రమే ఆహారంగా ఉంటే ఏటీపీకి సింథేజ్‌ తప్ప వేరే దారి దాదాపు ఉండదు, చావు త్వరగా మొదలవుతుంది. మనిషి ఊపిరితిత్తుల్లో ఈ సూక్ష్మజీవి ఎక్కువగా బతికేది కొవ్వు ఆమ్లాల మీద, కొలెస్ట్రాల్‌ మీద. అందుకే గ్లిసరాల్‌ గొట్టంలో వచ్చిన ఫలితాన్ని తీసుకెళ్లి రోగి శరీరానికి అంటగట్టకూడదు. ఈ ఒక్క మాట మీ గైడ్‌తో గట్టిగా చెప్పండి, తర్వాతి ప్రయోగాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ఇక్కడే చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. ట్వీన్‌ 80 అంటే ఒలీక్‌ ఆమ్లపు ఎస్టర్‌. టీబీ బ్యాక్టీరియా దాన్ని విడగొట్టుకుని తింటుంది. ఓఏడీసీలో మొదటి అక్షరమే ఒలీక్‌ ఆమ్లం. 7హెచ్‌9 పొడిలో లీటరుకి 0.5 గ్రాముల గ్లూటమేట్‌, 0.1 గ్రాము సోడియం సిట్రేట్‌ ముందే ఉంటాయి. అంటే ‘గ్లిసరాల్‌ మీద పెంచాం’ అని రాసిన చాలా కల్చర్లు నిజానికి నాలుగైదు రకాల భోజనం మీద పెరిగినవే. పైగా ఈ బ్యాక్టీరియా చాలా వాటిలా ఒకటి అయ్యాక ఒకటి తినదు, దొరికినవన్నీ ఒకేసారి తింటుంది.

అందుకని ఆహారం కట్టుదిట్టంగా ఉన్న మీడియం ఇలా కలుపుకోండి. 900 మి.లీ. నీళ్లలో 7హెచ్‌9 పొడి 4.7 గ్రాములు వేసి ఆటోక్లేవ్‌ చేయండి. ఓఏడీసీ బదులు 100 మి.లీ.లో కొవ్వు ఆమ్లాలు తీసేసిన బీఎస్‌ఏ (ఆవు రక్తపు అల్బుమిన్‌) 5 గ్రాములు, ఉప్పు 0.85 గ్రాము కరిగించి, 0.22 మైక్రాన్‌ ఫిల్టర్‌ పట్టి, చల్లారాక కలపండి. ట్వీన్‌ బదులు టైలాక్సపాల్‌ 0.02 శాతం, దాన్ని బ్యాక్టీరియా తినలేదు. ఒక ఫ్లాస్కులో గ్లిసరాల్‌ 0.2 శాతం, ఇంకొకదాంట్లో సోడియం అసిటేట్‌ 0.1 శాతం, మరొకదాంట్లో కొలెస్ట్రాల్‌ 0.01 శాతం. కొలెస్ట్రాల్‌ నీళ్లలో కరగదు. టైలాక్సపాల్‌, ఇథనాల్‌ సమపాళ్లలో కలిపి 80 డిగ్రీల దగ్గర మి.లీ.కి 100 మి.గ్రా. స్టాక్‌ చేసుకుని, వేడి మీదే మీడియంలో పోసి కలియబెట్టాలి. చల్లారనిస్తే పలుకులు కడుతుంది. ఏ ఆహారమూ వేయని నాలుగో ఫ్లాస్కు తప్పకుండా ఉండాలి, గ్లూటమేట్‌ ఒక్కదాని మీద ఎంత పెరుగుతోందో అదే చెబుతుంది. స్ట్రెయిన్‌కి పాంటోథినేట్‌ అన్నింట్లోనూ వేయాలి.

కొత్త మీడియంలోకి మార్చగానే మందు వేయకండి. కనీసం ఒక పాసేజ్‌ (పెరిగాక కొత్త ఫ్లాస్కులోకి మార్చే దాకా) అందులో అలవాటు పడనివ్వండి. ఎంఐసీ కూడా ప్రతి మీడియంలో మళ్లీ కొలవాలి. బెడాక్విలిన్‌ రక్తంలోని ప్రొటీన్లకి 99.9 శాతానికి పైగా అతుక్కుంటుంది, గొట్టంలో అల్బుమిన్‌కీ అంతే. బీఎస్‌ఏ పాళ్లు మారితే విడిగా తిరిగే మందు మారిపోతుంది, మీ ‘పది రెట్లు’ అన్న లెక్కకి అర్థం ఉండదు.

ఏటీపీ కొలతలో మూడు జాగ్రత్తలు. మైకోబ్యాక్టీరియా కవచం మైనపుది కాబట్టి కిట్‌లో ఉండే లైసిస్‌ ద్రావణం ఒక్కటే అన్నిసార్లూ చాలదు. శాంపిల్‌ని వెంటనే 95 డిగ్రీలకి వేడి చేసి కొలిచిన అంకెతో పోల్చుకోండి. కొన్ని రసాయనాలు లూసిఫరేజ్‌నే అడ్డుకుంటాయి, అందుకని బ్యాక్టీరియా లేని గొట్టంలో తెలిసిన ఏటీపీ, మందు కలిపి కాంతి తగ్గలేదని చూపించాలి. ఏటీపీని ప్లేటులోని గుంట మొత్తానికి కాకుండా సీఎఫ్‌యూకి లేదా ఓడీకి లెక్కగట్టి రాయండి. రెజాజురిన్‌ కూడా చావుని కొలవదు, కణంలో ఎలక్ట్రాన్లు ఇచ్చే శక్తి ఎంతుందో అదే చూపిస్తుంది. శ్వాసక్రియ మీద పనిచేసే మందులకి ఏటీపీ గానీ రెజాజురిన్‌ గానీ తీర్పు చెప్పలేవు, చెప్పేది ప్లేటే.

ఐసోనియాజిడ్‌తో ఏటీపీ పెరగడం మీ కిట్‌ లోపం కాదు. కణకవచం తయారీని ఆపే మందులతో ఏటీపీ ఎగబాకడం బీసీజీలోనూ (టీకాకి వాడే బోవిస్‌ స్ట్రెయిన్‌) కనిపించింది. కవచం కట్టే పని ఆగిపోయినా శ్వాసక్రియ ఆగదు, ఇంకా జోరందుకుంటుంది. ఆ జోరుకీ చావుకీ సంబంధం ఉంది.

తాంబరం_కల్చర్‌ (చెన్నై):

పైరాజినమైడ్‌ సంగతి నేను చెబుతాను. డోసు పెంచకండి, ఎంత పెంచినా ఈ స్ట్రెయిన్‌లో మీకు అర్థమయ్యే ఫలితం రాదు.

పైరాజినమైడ్‌ నేరుగా పనిచేసే మందు కాదు. బ్యాక్టీరియాలోని పీఎన్‌సీఏ అనే ఎంజైమ్‌ దాన్ని పైరాజినోయిక్‌ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పాన్‌డీ అనే ఎంజైమ్‌కి అంటుకుంటుంది, అంటుకున్న పాన్‌డీని కణం తనే క్లిప్‌ ప్రోటియేజ్‌తో ముక్కలు చేసేసుకుంటుంది. పాన్‌డీ పోతే బీటా-అలనిన్‌ లేదు, అది లేకపోతే పాంటోథినేట్‌ లేదు, కోఎంజైమ్‌-ఏ లేదు. ఇప్పుడు మీ స్ట్రెయిన్‌ చూడండి: ఎంసీ స్క్వేర్‌ 6230లో తీసేసిన జన్యువులే పాన్‌సీ, పాన్‌డీ. మందు తగలాల్సిన చోటే లేదు. దానికి తోడు బయట నుంచి పాంటోథినేట్‌ పోస్తున్నారు. పాంటోథినేట్‌ పోస్తే మామూలు స్ట్రెయిన్‌లో కూడా పైరాజినమైడ్‌ దెబ్బ తగ్గిపోతుంది.

బీసీజీకి మారదామని అనిపిస్తుంది, అదీ పనికిరాదు. బోవిస్‌ జాతికంతటికీ పీఎన్‌సీఏలో 57వ అమైనో ఆమ్లం మారిపోయి ఉంటుంది, కాబట్టి పుట్టుకతోనే పైరాజినమైడ్‌కి లొంగదు. ల్యాబుల్లో వాడే ఇంకో మైకోబ్యాక్టీరియా, స్మెగ్మాటిస్‌ కూడా లొంగదు. బీఎస్‌ఎల్‌-2లో ఉండి పైరాజినమైడ్‌ చూడాలంటే మీ బయోసేఫ్టీ కమిటీ అనుమతితో హెచ్‌37ఆర్‌ఏ అనే బలహీనపడిన టీబీ స్ట్రెయిన్‌ తీసుకోండి.

రెండోది పీహెచ్‌. 7హెచ్‌9 దాదాపు 6.6 దగ్గర ఉంటుంది, అక్కడ ఈ మందు పెద్దగా కదలదు. ఎంజీఐటీ అనే ద్రవ కల్చర్‌ పరీక్షలో పైరాజినమైడ్‌ గొట్టం పీహెచ్‌ 5.9, మందు మి.లీ.కి 100 మైక్రోగ్రాములు. మీరూ 5.8 నుంచి 5.9 మధ్య పెట్టుకోండి. మరీ 5.5కి దించితే కంట్రోల్‌ కల్చరే సరిగ్గా పెరగదు, అప్పుడు ఏది మందు వల్ల, ఏది ఆమ్లం వల్ల అన్నది తేల్చలేరు. ఆమ్లంలో ట్వీన్‌ నుంచి విడిపోయిన ఒలీక్‌ ఆమ్లం విషంలా పనిచేస్తుంది, కాబట్టి ఇక్కడ కూడా టైలాక్సపాలే మేలు. ఓడీ 0.1 అంటే ఈ పరీక్షకి చాలా ఎక్కువ. బ్యాక్టీరియా గుంపు పెద్దదైతే అదే మీడియం పీహెచ్‌ని పైకి లాగేస్తుంది, మందు లొంగనట్టు తప్పుడు ఫలితం వస్తుంది. రోగుల శాంపిళ్లలో తప్పుడు రెసిస్టెన్స్‌కి ఇదే పెద్ద కారణం. ఓడీ 0.01తో మొదలెట్టి, చివర్లో పీహెచ్‌ మళ్లీ కొలిచి నోట్‌బుక్‌లో రాయండి.

ప్లేట్ల గురించి మీరు రాయలేదు కాబట్టి అడగకుండానే చెబుతున్నా. బెడాక్విలిన్‌ కణాలకి అంటుకుని ప్లేటు మీదకి కూడా వస్తుంది. పది రెట్ల ఎంఐసీ ఉన్న కల్చర్‌ని నేరుగా పరిస్తే, అగార్‌ మీద కూడా మందు పనిచేస్తూనే ఉండి కాలనీలు రావు, చనిపోయాయని రాసేసుకుంటాం. 7హెచ్‌11 అగార్‌లో యాక్టివేటెడ్‌ చార్‌కోల్‌ 0.4 శాతం కలిపి పోయండి. చార్‌కోల్‌ అడుక్కి దిగిపోతుంది, అందుకని అగార్‌ పోసేటప్పుడు సీసాని తిప్పుతూనే ఉండాలి, లేకపోతే మొదటి ప్లేట్లు బూడిద రంగులో, చివరివి నల్లగా వస్తాయి. నల్లటి అగార్‌ మీద కాలనీలు తెల్లగా బాగానే కనబడతాయి కానీ ఆలస్యంగా వస్తాయి. మామూలు ప్లేటుకి మూడు నాలుగు వారాలు చాలు, వీటిని ఆరు వారాల దాకా ఉంచి రెండుసార్లు లెక్కపెట్టండి. ప్లేటు ఎండిపోకుండా సీల్‌ చేసి కవర్లో పెట్టండి.

రిఫాంపిసిన్‌ 37 డిగ్రీల దగ్గర రోజులు గడిచేకొద్దీ మీడియంలో విరిగిపోతుంది. రెండు వారాల ప్రయోగంలో ఐదో రోజు తర్వాత సీఎఫ్‌యూ మళ్లీ లేస్తే అది రెసిస్టెన్సో, మందు అయిపోవడమో తేలాలి. అలా లేచిన కల్చర్‌ని రిఫాంపిసిన్‌ ఉన్న ప్లేటు మీద, లేని ప్లేటు మీద పక్కపక్కనే పరిస్తే తెలిసిపోతుంది. స్టాకులు డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో చేస్తే చిన్న గొట్టాల్లో పంచి, ఒక్కోటి ఒక్కసారే వాడండి. చెన్నై గాలిలో తెరిచి పెట్టిన డీఎంఎస్‌ఓ తేమ లాగేసుకుంటుంది, బెడాక్విలిన్‌ ద్రావణంలోంచి విడిపోయి అడుగున పేరుకుంటుంది. బెంగళూరు చలికాలంలో ఏసీ గదిలో అయితే 18.5 డిగ్రీలకే డీఎంఎస్‌ఓ గడ్డకడుతుంది, సగం కరిగిన గొట్టంలోంచి పిపెట్‌ చేస్తే డోసు తప్పుతుంది. ఐసోనియాజిడ్‌కి డీఎంఎస్‌ఓ అక్కర్లేదు, నీళ్లలోనే కరుగుతుంది.

హెబ్బాళ_మాస్‌స్పెక్‌ (బెంగళూరు):

సెంట్రిఫ్యూజ్‌, పీబీఎస్‌, మెథనాల్‌ పద్ధతి వద్దండి. ఏటీపీ, గ్లైకాలసిస్‌ మధ్య పదార్థాలు సెకన్లలో మారిపోతాయి. పది నిమిషాలు అడుగున నొక్కుకుపోయి గాలి అందని గుళికలో మీరు చూసేది మందు ప్రభావం కాదు, ఊపిరాడకపోవడం ప్రభావం. బెడాక్విలిన్‌ లాంటి మందుకి ఈ రెండూ ఒకేలా కనబడతాయి, అదే అసలు ప్రమాదం. పీబీఎస్‌తో కడిగితే ఆహారం కూడా తీసేసినట్టే.

టీబీకి బాగా కుదిరిన పద్ధతి ఫిల్టర్‌ మీద పెంచడం. ఓడీ 1 దగ్గర ఉన్న కల్చర్‌ 1 మి.లీ. తీసుకుని, 0.22 మైక్రాన్‌ ఫిల్టర్‌ మీద వాక్యూమ్‌తో పరచండి. ఫిల్టర్‌ని 7హెచ్‌10 అగార్‌ మీద పెట్టి 37 డిగ్రీల్లో ఐదు రోజులు ఉంచితే పలుచటి బ్యాక్టీరియా పొర తయారవుతుంది. కింద అగార్‌ నుంచి ఆహారం, పైనుంచి గాలి. తర్వాత ఆ ఫిల్టర్‌ని ఎత్తి మందు ఉన్న ద్రవ మీడియం మీద తేలేలా పెట్టండి, 16 నుంచి 24 గంటలు చాలు. మీ స్ట్రెయిన్‌ కాబట్టి అగార్‌లోనూ ద్రవంలోనూ పాంటోథినేట్‌ ఉండాలి. బరువైన కార్బన్‌ వాడేది ఈ దశలోనే: మామూలు గ్లిసరాల్‌ బదులు కార్బన్లన్నీ కార్బన్‌-13 అయిన గ్లిసరాల్‌ లేదా అసిటేట్‌. మందు వేసిన ఫిల్టర్లు, వేయనివి ఒకే బ్యాచ్‌ అగార్‌ మీద పెరిగినవే అయి ఉండాలి.

ఆపడం ఎలాగంటే: అసిటోనైట్రైల్‌, మెథనాల్‌, నీళ్లు 40:40:20 పాళ్లలో కలిపి మైనస్‌ 40 డిగ్రీలకి చల్లార్చి ఉంచుకోండి. డ్రై ఐస్‌, ఇథనాల్‌ తొట్టి పక్కనే ఉండాలి. పట్టకారుతో ఫిల్టర్‌ తీసి నేరుగా దాంట్లో ముంచేయాలి, మధ్యలో ఆరబెట్టడాలు, కడగడాలు ఏమీ లేవు. గీకి, 0.1 మి.మీ. జిర్కోనియా పూసలున్న గొట్టంలోకి తీసుకుని బీడ్‌ బీటర్‌లో 6500 ఆర్‌పీఎం దగ్గర 30 సెకన్ల చొప్పున ఆరుసార్లు కొట్టండి. ప్రతిసారికీ మధ్య ఐసులో ఉంచాలి. గొట్టం చేతికి వెచ్చగా తగిలితే ఆ శాంపిల్‌ పోయినట్టే, ఏటీపీ విరిగి ఏడీపీ, ఏఎంపీ అయిపోయి ఉంటుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేటని 0.22 మైక్రాన్‌ ఫిల్టర్‌ పట్టాలి. అసలు టీబీ స్ట్రెయిన్‌తో చేసినప్పుడు ఈ ద్రవం బీఎస్‌ఎల్‌-3 బయటకి రావాలంటే స్టెరిలిటీ పరీక్ష నెగ్గాలి. మిగిలిన మడ్డిలో ప్రొటీన్‌ కొలిచి, దాంతో భాగించి అంకెలు రాయండి. ఓడీతో భాగించకండి, మందు వేసిన ఫిల్టర్‌కి ఓడీ ఉండదు కదా.

ఏం చూడాలి అన్నది మందుని బట్టి ఉంటుంది. ఐసోనియాజిడ్‌ని బ్యాక్టీరియా ఎంజైమ్‌ క్యాట్‌జీ చైతన్యపరిస్తే, అది కణంలోని ఎన్‌ఏడీ అనే అణువుతో కలిసి ఇన్‌హెచ్‌ఏ అనే ఎంజైమ్‌ని బిగించేస్తుంది; మైకోలిక్‌ ఆమ్లాల గొలుసు పొడవు పెరగడం ఆగుతుంది. ఎల్‌సీ-ఎంఎస్‌లో నీళ్లలో కరిగేవి చూస్తాం కాబట్టి మైకోలేట్ల కోసం విడిగా సారం తీసి టీఎల్‌సీ (పలుచటి పూత పూసిన పలక మీద విడదీయడం) వేసుకోవాలి. బెడాక్విలిన్‌కి ఏటీపీ, ఏడీపీ, ఏఎంపీ మూడూ కలిపి చూడండి, గ్లైకాలసిస్‌ పై భాగంలోని ఫాస్ఫేట్లు, పైరువేట్‌, అలనిన్‌ చూడండి. ఫిల్టర్‌ కింద ఉన్న ద్రవం పారబోయకండి. గాలి అందనప్పుడు ఈ బ్యాక్టీరియా సక్సినేట్‌ని బయటకి వదులుతుంది. మందు వేసిన దాంట్లో సక్సినేట్‌ పెరిగితే అది శ్వాసక్రియ దెబ్బతిన్న ఆనవాలా, ఫిల్టర్‌ మునిగిపోయి గాలి అందకనా అన్నది తేల్చుకోవాలి. అందుకే కంట్రోల్‌ ఫిల్టర్లలో ఒకటి కావాలనే ముంచి పెట్టండి, పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఒకే సమయంలో ఒక్క అంకె చూసి ప్రవాహం గురించి మాట్లాడటం నాకు నచ్చని పని. ఒక పదార్థం పెరిగిందంటే తయారీ పెరిగి ఉండవచ్చు, ఖర్చు ఆగిపోయీ ఉండవచ్చు. 13-కార్బన్‌ మీద పెట్టి అరగంట, రెండు గంటలు, ఆరు గంటలు, 16 గంటల దగ్గర తీస్తేనే ఏది ఎటు పోతోందో చెప్పగలం. ఈ పద్ధతితోనే 2013లో పీఏఎస్‌ అనే పాత టీబీ మందు గుట్టు తేలింది. అది ఫోలేట్‌ దారిని ఊరికే అడ్డుకోదు, బ్యాక్టీరియానే దాన్ని తన సొంత ముడిసరుకనుకుని తీసుకుని, మార్చి, అలా మారిన పదార్థం చేతిలో దెబ్బతింటుంది. 1940ల నుంచి వాడిన మందు అసలు పని అంత ఆలస్యంగా తెలిసింది.

యశ్వంతపూర్‌_ప్లేట్లు:

చాలా థ్యాంక్సండీ, పాన్‌డీ సంగతి అసలు ఊహించలేదు. మరో సందేహం. ఐసోనియాజిడ్‌ చావుకి శ్వాసక్రియ జోరు కావాలన్నారు, బెడాక్విలిన్‌ ఆ జోరునే తగ్గిస్తుంది. రెండూ కలిపి వేస్తే ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకోవూ? రోగికి ఇలాంటివి కలిపి ఇస్తే నష్టమా?

చేత్‌పేట్‌_ఛాతీ (చెన్నై):

గొట్టంలో మీరు చెప్పినట్టే జరుగుతుంది. బెడాక్విలిన్‌ ఉంటే ఐసోనియాజిడ్‌ మొదటి రోజుల చావు తగ్గినట్టు కల్చర్లలో చూపించారు. కానీ వైద్యంలో దీన్ని చదివే తీరు వేరు.

ఐసోనియాజిడ్‌ గొప్పతనం మొదటి రెండు రోజుల్లోనే. జోరుగా పెరుగుతున్న బ్యాక్టీరియాని అది కఫంలో వేగంగా తగ్గిస్తుంది, తర్వాత దాని వేగం పడిపోతుంది. బెడాక్విలిన్‌ 14 రోజుల కఫం పరీక్షల్లో కూడా కొన్ని రోజులు ఆలస్యంగానే మొదలైంది. మీ ప్లేట్లు చూపించిన ఆలస్యం రోగి కఫంలోనూ ఉందన్నమాట. ఇక ఎండీఆర్‌ (ఐసోనియాజిడ్‌, రిఫాంపిసిన్‌లకి లొంగని టీబీ) రోగికి ఐసోనియాజిడ్‌ ఎలాగూ పనిచేయదు, కాబట్టి ఈ రెండింటి గొడవ అక్కడ పెద్దగా రాదు. రోగి విషయంలో అసలు భయపడాల్సిన జోడీ రిఫాంపిసిన్‌, బెడాక్విలిన్‌. దానికి కారణం బ్యాక్టీరియా కాదు, మన కాలేయం: రిఫాంపిసిన్‌ అక్కడ మందుల్ని విరిచే సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ని పెంచి రక్తంలో బెడాక్విలిన్‌ని దాదాపు సగానికి దించేస్తుంది. అందుకే కలపరు.

జీవక్రియే చికిత్స కాలాన్ని నిర్ణయిస్తుందనడానికి ఈ ఊరి చరిత్రే సాక్ష్యం. 1956లో మద్రాసులో మొదలైన కీమోథెరపీ సెంటర్‌, అంటే ఇప్పటి చేత్‌పేట్‌లోని ఎన్‌ఐఆర్‌టీ (జాతీయ క్షయ పరిశోధన సంస్థ), రోగిని శానటోరియంలో పెట్టకుండా ఇంటి దగ్గరే మందులిచ్చినా నయమవుతుందని 1959లో నిరూపించింది. అప్పుడిచ్చింది ఐసోనియాజిడ్‌, పీఏఎస్‌, ఏడాది పాటు. పెరిగే బ్యాక్టీరియాని చంపే మందులే ఉన్నప్పుడు, నిద్రలో ఉన్నవి ఒక్కొక్కటే లేచేదాకా ఆగాలి కదా. అప్పుడప్పుడు మాత్రమే కదిలే బ్యాక్టీరియాని కూడా రిఫాంపిసిన్‌ అందుకుంటుంది, ఎందుకంటే అది లేచిన క్షణంలో ఆర్‌ఎన్‌ఏ రాయక తప్పదు. పైరాజినమైడ్‌ ఆమ్లంలో నక్కిన వాటిని పట్టుకుంటుంది. ఈ రెండూ చేరాకే ఏడాది కాస్తా ఆరు నెలలైంది. ఇప్పుడు మన దేశంలో మామూలు టీబీకి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు పైరాజినమైడ్‌ తీసేసి మూడు. పైరాజినమైడ్‌ పని మొదటి రెండు నెలల్లోనే అయిపోతుంది, వాపు తగ్గితే ఆ ఆమ్లపు చోట్లు కూడా తగ్గుతాయి.

ఎండీఆర్‌కి 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్యశాఖ ఆమోదించిన ఆరు నెలల నాలుగు మందుల చికిత్స, బీపాల్‌-ఎం చూడండి. బెడాక్విలిన్‌ ఏటీపీ దగ్గర, లినజోలిడ్‌ ప్రొటీన్‌ తయారీ దగ్గర, మాక్సిఫ్లాక్సాసిన్‌ డీఎన్‌ఏ దగ్గర కొడతాయి. ప్రిటోమానిడ్‌ గాలి ఉన్నచోట మైకోలిక్‌ ఆమ్లాన్ని, గాలి లేనిచోట నైట్రిక్‌ ఆక్సైడ్‌ వదిలి శ్వాసక్రియని దెబ్బతీస్తుంది. ఒక దారి మూసుకుపోతే బ్యాక్టీరియా ఇంకో దారి వెతుక్కునే వీలు లేకుండా ఈ నాలుగూ పడ్డాయి.

బెడాక్విలిన్‌ 400 మి.గ్రా. రోజూ రెండు వారాలు, తర్వాత 200 మి.గ్రా. వారానికి మూడుసార్లు. భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే రక్తంలోకి సగమే వస్తుంది. మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, చివరి దశ అర్ధాయువే దాదాపు ఐదున్నర నెలలు. రోగి మధ్యలో అన్నీ మానేస్తే మిగతావి రోజుల్లో పోతాయి, బెడాక్విలిన్‌ ఒక్కటే పలుచగా నెలల తరబడి మిగులుతుంది. ఆర్‌వీ0678 జన్యువు చెడిన బ్యాక్టీరియా మందుని బయటకి పంపేసుకుంటూ ఎదిగేది సరిగ్గా అప్పుడే, ఇంకో టీబీ మందు క్లోఫజిమిన్‌ కూడా దాంతోపాటు పనికిరాకుండా పోతుంది. అందుకే మానేసిన రోగిని వెనక్కి తెచ్చుకోవడం ఇక్కడ అన్నింటికంటే అత్యవసరం. దీర్ఘకాలం మిగిలే పలుచటి మందు ప్రభావం గొట్టంలో చూడాలనుకుంటే, ఎంఐసీకి పది రెట్లతో పాటు సగం, పావు ఎంఐసీ కూడా పెట్టి నాలుగు వారాలు నడపండి. రెసిస్టెన్స్‌ గురించి మీకు ఉపయోగపడే సమాచారం అక్కడే దొరుకుతుంది.

అడయార్‌_శ్వాసక్రియ:

డాక్టరు గారు చెప్పిన నాలుగు వారాల ప్రయోగంలో ఒకటి చూసుకోండి. టైలాక్సపాల్‌ 0.02 శాతంలో కల్చర్‌ ట్వీన్‌లో కంటే కాస్త ముద్దలు కడుతుంది. ముద్దలో వెయ్యి కణాలున్నా ప్లేటు మీద ఒక్క కాలనీయే వస్తుంది, తగ్గినట్టు కనబడుతుంది. తీసిన శాంపిల్‌ని పది నిమిషాలు కదపకుండా నిలబెట్టి పైభాగం మాత్రమే తీసుకోండి, డైల్యూషన్లు 0.05 శాతం ట్వీన్‌ ఉన్న పీబీఎస్‌లో చేయండి. ఆ కాసేపట్లో ట్వీన్‌ ఆహారంగా మారదు. ఫ్లాస్కు పరిమాణంలో ఐదో వంతుకి మించి కల్చర్‌ నింపకండి, మూత బిగించకండి. బెడాక్విలిన్‌ ప్రయోగంలో గాలి కూడా మీరు కొలిచి వేయాల్సిన పదార్థమే.

ముందు అసిటేట్‌, గ్లిసరాల్‌ రెండింటి మీద ఒక్క బెడాక్విలిన్‌తో పద్నాలుగు రోజుల సీఎఫ్‌యూ గీత గీయండి. ఆ రెండు గీతలు విడిపోతే మీ వ్యవస్థ సరిగ్గా ఉన్నట్టు, అప్పుడు మాస్‌స్పెక్‌కి వెళ్లండి. విడిపోకపోతే మొదట అనుమానించాల్సింది బీఎస్‌ఏని. కొవ్వు ఆమ్లాలు తీసేసినదని డబ్బా మీద రాసుందో లేదో చూడండి.